గడప దాటకుండానే గ్రహణం చూసింది

(గ్రామీణ విలేఖరి)

ఆ రాత్రి ఊరంతా పెందలాడే అన్నాలు తిని తలుపులు వేసుకుంది. పచ్చడి జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు పడ్డాయి. గుడి మధ్యాహ్నమే మూసేశారు. ఒక్క డాబా మీద మాత్రం ఒక మనిషి కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. అది 2025 సెప్టెంబరు 7, ఆదివారం. భాద్రపద పౌర్ణమి నాటి సంపూర్ణ చంద్రగ్రహణం.

ఆయన పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఫొటోలు తీసే మనిషి. బస్టాండు పక్కన చిన్న స్టూడియో ఉంది. గ్రహణాన్ని ఫొటో తీయాలన్నది ఆయనకు చాలాకాలపు కోరిక. అడ్డంకి ఇంట్లోనే వచ్చింది. భార్యకు అప్పుడు ఏడో నెల. "కడుపుతో ఉన్న పిల్లను ఇంట్లో పెట్టుకుని నీకీ వేషాలేమిట్రా?" అంది తల్లి. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని ఆమె భయం. చివరికి రాజీ కుదిరింది. కొడుకు డాబా ఎక్కవచ్చు, కోడలు గడప దాటకూడదు.

రాత్రి 9.57కు చంద్రుడి అంచున నీడ పడింది. మొదట తీసిన ఫొటోలన్నీ పాడయ్యాయి. చందమామకు బదులు సున్నం బొట్టు లాంటి తెల్లటి మచ్చ వచ్చింది. కెమెరాను ఆటోలో ఉంచడమే పొరపాటు. చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా వెలుతురు చాలదనుకుంటుంది, ఇంకా ఎక్కువ లోపలికి తీసుకుంటుంది. నిజానికి చంద్రుడంటే పట్టపగటి ఎండలో ఉన్న రాతి నేల. అందుకని మాన్యువల్‌కు మార్చి ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చరు 8, షట్టరు సెకనులో 125వ వంతు పెట్టాడు. ఈసారి మచ్చలతో సహా దిగింది.

రెండో చిక్కు కదలిక. ఆయన దగ్గరున్నది 300 మిల్లీమీటర్ల లెన్సు. దానితో కూడా లోపలి సెన్సారు మీద చంద్రుడి బొమ్మ మూడు మిల్లీమీటర్లకు మించదు. వేలితో మీట నొక్కిన మాత్రం అదురుకే చెదిరిపోతుంది. పెళ్ళిళ్ళకు వాడే స్టాండుకు కెమెరా బిగించి, రెండు సెకన్ల టైమరు పెట్టాడు. స్క్రీను మీద బొమ్మను పెద్దది చేసి ఫోకసు చేత్తోనే సరిచేశాడు.

11 గంటలకు చంద్రుడు పూర్తిగా నీడలో మునిగాడు. అదే లెక్కతో తీస్తే ఫొటో అంతా నలుపే. అంతలో మబ్బు కమ్మింది. సంపూర్ణ గ్రహణం ఉండేది 82 నిమిషాలే. అరగంట అలాగే కూర్చున్నాడు. మబ్బు విడగానే ఐ.ఎస్.ఓ. 1600కు పెంచి, షట్టరు ఒక సెకను తెరిచాడు. స్క్రీను మీద రాగి చెంబు రంగులో చందమామ!

ఆ ఎరుపు మన భూమిదే. సూర్యకాంతి భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్ళి చంద్రుడి మీద పడుతుంది. దారిలో నీలం చెదిరిపోయి, సాయంసంధ్య ఎరుపే మిగులుతుంది. గ్రహణం భూమి నీడేనని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాశాడు.

ఆయన కెమెరాతో కిందికి దిగాడు. గడప లోపల నిలబడే భార్య ఆ ఫొటో చూసింది. వెనక నుంచి తల్లి కూడా తొంగి చూసింది. "ఎంత ఎర్రగా ఉన్నాడురా!" అంది. ఇంకేమీ అనలేదు.

గర్భిణులకు ఒక మాట. బిడ్డ పెదవీ అంగిలీ కలిసేది మొదటి మూడు నెలల్లోనే. ఏడో నెలలో ఆకాశం చూస్తే అవి చీలవు. వంశంలో ఉండడం, గర్భిణి పొగ తాగడం, కొన్ని రకాల మందులు మొర్రికి కారణాలు కావచ్చని వైద్యశాస్త్రం చెబుతోంది. గ్రహణానికి దానితో సంబంధం లేదు. చంద్రగ్రహణాన్ని వట్టి కళ్ళతో చూసినా హాని లేదు. సూర్యగ్రహణాన్ని మాత్రం అలా చూడరాదు.

2028 డిసెంబరు 31 రాత్రి మన ఊళ్ళలో మళ్ళీ సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. పెద్ద కెమెరా లేనివారు సెల్‌ఫోనును ఇసుక సంచికి ఆనించి, తెర మీద చంద్రుణ్ణి తాకి, వెలుగు తగ్గించి తీయవచ్చు. మన ఫొటోగ్రాఫరు ఆ రాత్రికి పెళ్ళి బేరాలు ఒప్పుకోనంటున్నాడు. ఈసారి డాబా మీదికి భార్యాబిడ్డలను కూడా తీసుకెళతాడట.