దురద తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

ఒంటి మీద ఎర్రటి మచ్చో, దద్దుర్లో, పొక్కులో కనిపించగానే మన ఇళ్లలో మొదట వినబడే మాట "దీనికి ఏ ఆయింట్‌మెంట్ రాస్తే పోతుంది?" అసలు అదేమిటి, ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న ఆ తర్వాతెప్పుడో వస్తుంది, చాలాసార్లు రానే రాదు. కానీ చర్మం మీద దద్దు ఒక జబ్బు కాదు, ఎన్నో జబ్బులకు లక్షణం. అదే ఎరుపు, అదే దురద ఫంగస్ వల్ల రావచ్చు, చర్మంలో బొరియ చేసుకున్న గజ్జి పురుగు వల్ల రావచ్చు, జుట్టుకు వేసుకున్న రంగు వల్లో, మింగిన మాత్ర వల్లో, ఏదో వైరస్ జ్వరం వల్లో రావచ్చు. కారణం మారితే మందు మారుతుంది. ఒక జబ్బుకు మందైనది మరో జబ్బుకు మేత అవుతుంది. అందుకే కారణం తేలకముందే దురదను అణిచే క్రీము రాయడం తొందరపాటు మాత్రమే కాదు, చిన్న జబ్బును మొండి జబ్బుగా మార్చే పని. మన దేశంలో కొన్నేళ్లుగా తామర చుట్టూ జరుగుతున్నది చూస్తే ఈ మాటలో అతిశయోక్తి లేదని అర్థమవుతుంది.

గజ్జల్లో, నడుం చుట్టూ, పిరుదుల మీద గుండ్రంగా మొదలై, అంచులు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతూ, మధ్యలో దాదాపు మామూలు చర్మంలా కనిపిస్తూ నలువైపులా పాకేది తామర. ట్రైకోఫైటాన్ జాతి ఫంగస్‌లు దీనికి ముఖ్య కారణం. చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ వాటి ఆహారం. చెమట, తడి, బిగుతు బట్టలు ఉన్నచోట అవి హాయిగా పెరుగుతాయి. సాధారణంగా అవి పైపొర దాటి లోపలికి దిగవు. మనకు కనబడే ఎరుపు, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దురద చాలావరకు ఫంగస్‌ను వదిలించుకోవడానికి మన రోగనిరోధక వ్యవస్థ చేసే పోరాటం వల్ల వచ్చేవే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మందుల షాపులో "దురద ట్యూబు" అని అడిగితే చేతికొచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివితే ఫంగస్‌ను చంపే మందు ఒకటి, ఒకటో రెండో యాంటీబయాటిక్‌లు, వాటి పక్కనే క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో కనిపిస్తుంది. పైపూత స్టెరాయిడ్‌లలో అత్యంత శక్తిమంతమైన వాటిలో క్లోబెటసాల్ ఒకటి. తేలికపాటి స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్‌తో పోలిస్తే దాని బలం సుమారు 600 రెట్లని లెక్క. అది రాసిన రెండు మూడు రోజుల్లో దురద మాయమవుతుంది, ఎరుపు వెలిసిపోతుంది, మందు బ్రహ్మాండంగా పనిచేసిందని అనిపిస్తుంది. నిజానికి ఆగింది ఫంగస్ కాదు, దానితో పోరాడుతున్న మన రక్షణ వ్యవస్థ. అడ్డు లేని ఫంగస్ చప్పుడు లేకుండా పాకుతుంది. క్రీము ఆపిన వారానికి మచ్చ మళ్లీ లేస్తుంది, ఈసారి అరచేయంత ఉన్నది రెండు అరచేతులంత అవుతుంది. మళ్లీ అదే ట్యూబు. ఇలా నెలలు గడిస్తే గుండ్రటి అంచు చెదిరిపోయి, వలయంలో వలయం ఏర్పడి, చూడగానే తామర అని చెప్పడం డాక్టరుకే కష్టమవుతుంది. తొడల లోపలి చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు.

ఇది ఎవరో ఒకరిద్దరి బాధ కాదు. ముఖం మీద స్టెరాయిడ్ క్రీముల దుర్వినియోగంపై దేశంలోని పలు ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ఈ క్రీములు వాడుతున్నారని తేలింది. వాళ్లలో సగం మందికి పైగా డాక్టరు కానివాళ్ల సలహాతోనే మొదలుపెట్టారు. తెల్లబడటానికి, మొటిమలకు వాడినవాళ్లూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2018లో పైపూత స్టెరాయిడ్‌లను డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల కిందికి తెచ్చింది. అయినా చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలకు, చీటీ లేకుండానే కొనే మనకు కొదవ లేదు. ఈలోగా ఫంగస్ కూడా మారింది. భారత్, నేపాల్ రోగుల నుంచి తీసిన నమూనాల ఆధారంగా జపాన్ పరిశోధకులు 2020లో ఒక ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు ఎక్కువగా వాడే టెర్బినాఫిన్ మాత్ర దీని మీద చాలామందిలో పనిచేయడం లేదు. 2023లో న్యూయార్క్‌లో కూడా రెండు కేసులు బయటపడ్డాయి. అది ఇంతగా వ్యాపించడానికి విచ్చలవిడి స్టెరాయిడ్ వాడకమూ, సగంలో ఆపిన చికిత్సలూ దోహదం చేశాయని చాలామంది చర్మవైద్యులు భావిస్తున్నారు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం: స్టెరాయిడ్ అంత చెడ్డదైతే చర్మవైద్యులే ఎందుకు రాస్తారు? స్టెరాయిడ్ చెడ్డది కాదు. 1952లో అమెరికన్ చర్మవైద్యులు సుల్జ్‌బెర్గర్, విటెన్ హైడ్రోకార్టిసోన్ పైపూతగా పనిచేస్తుందని చూపించాక ఎగ్జిమా రోగుల జీవితమే మారిపోయింది. ఎగ్జిమాలో, సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడమే సమస్య కాబట్టి దాన్ని తగ్గించడం అక్కడ సరైన చికిత్స. డాక్టరు బలం చూసి, ఒంట్లో ఏ భాగమో చూసి, ఎన్ని రోజులో చెప్పి రాస్తారు. స్టెరాయిడ్ అన్న భయంతో ఎగ్జిమా ఉన్న పసిపిల్లకు రాసిన క్రీమును తల్లి వాడకపోతే అదీ నష్టమే. తగవు మందుతో కాదు, కారణం తెలియకుండా వాడటంతోనే.

మరి కారణం ఎలా తెలుస్తుంది? చర్మం చాలా ఆనవాళ్లు ఇస్తుంది, వాటిని చూడటం మనమూ నేర్చుకోవచ్చు. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులుండి, ఇంట్లో మరొకరూ గోక్కుంటుంటే గజ్జిని అనుమానించాలి. దానికి పర్మెత్రిన్ క్రీము ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి, దురద లేనివాళ్లతో సహా. ఒక్కరే రాసుకుంటే వారం తిరక్కుండానే మళ్లీ అంటుకుంటుంది. పొలం పనికి వెళ్లేవాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు చిట్లి దురద పెడుతుంటే గట్ల మీది వయ్యారిభామ మొక్క కారణం కావచ్చు. చెవుల వెనక, నుదుటి అంచున వస్తే హెయిర్ డై, నుదుటి మధ్యన వస్తే బొట్టుబిళ్ల జిగురు, బొడ్డు కింద వస్తే బెల్టు బకిల్‌లోని నికెల్, తాపీ పనివాళ్ల చేతులకైతే సిమెంటు. దద్దుర్లు ఒకచోట లేచి 24 గంటల్లోపే అణిగి మరోచోట లేస్తుంటే అది అర్టికేరియా. తామర విషయంలో అనుమానముంటే కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ తీగలు కనబడతాయి. పెద్దగా ఖర్చులేని పరీక్ష ఇది. అంతకుముందే స్టెరాయిడ్ రాసి ఉంటే ఈ ఆనవాళ్లు చాలావరకు చెదిరిపోతాయి.

రెండో అభ్యంతరం మరింత బలమైనది: ఊళ్లో చర్మవైద్యుడు లేడు, పట్నం వెళ్తే ఒక రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీ, ఫీజు అదనం. మందుల షాపు సందు చివరే ఉంది. ఇది నిజమే, పేదవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కానీ లెక్క వేసి చూస్తే చవక దారే ఖరీదవుతోంది. మొదట్లోనే గుర్తించిన తామర చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల చికిత్సకు లొంగుతుంది. స్టెరాయిడ్‌తో ముదిరినదానికి నెలల తరబడి మాత్రలు, పూతలు కావాలి, ఈలోగా అది ఇంట్లోవాళ్లకీ అంటుకుంటుంది. పైగా ప్రతి దద్దుకీ స్పెషలిస్టు అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు తామరను, గజ్జిని గుర్తించగలరు. ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవని ద్వారా ఉచితంగా డాక్టరుతో మాట్లాడొచ్చు. అదీ కుదరకపోతే షాపులో "స్టెరాయిడ్ లేనిది ఇవ్వండి" అని అడిగి, ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లున్నాయేమో చూసుకోవాలి. తామరకు మందు రాసేటప్పుడు అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా మరో రెండు వారాలు కొనసాగించాలి. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్లకే ఉండాలి.

"ఒంట్లో వేడి చేసింది, అదే పోతుంది" అనే మాటలోనూ కొంత నిజముంది. ఎండాకాలపు చెమటకాయలు, చిన్న పురుగు కుట్టిన దద్దు, చాలా వైరల్ దద్దుర్లు వాటంతటవే పోతాయి. జ్వరం, నొప్పి లేకుండా, మనిషి హుషారుగా ఉంటే చన్నీటి గుడ్డ, వదులైన నూలు బట్టలు, కాలమైన్ లోషన్‌తో వారం రోజులు ఆగొచ్చు. వెల్లుల్లి, నిమ్మరసం రుద్దితే మాత్రం చర్మం కాలే ప్రమాదముంది. వంకాయ, గుడ్డు మానేసి నెలలు గడపడం కూడా ఉపయోగం లేని పనే. ఆరు వారాలు దాటిన దద్దుర్లకు చాలామందిలో తిండి కారణం కాదు. వారంలో తగ్గకపోయినా, పాకుతున్నా డాక్టరుకు చూపించాలి.

కొన్నింటికి మాత్రం గంటలే లెక్క. దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచి ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్‌కు, గౌట్‌కు వాడే కొన్ని మాత్రలు, సల్ఫా మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒళ్లంతా మచ్చలొచ్చి, నోట్లో, కళ్లలో పుండ్లు పడి, చర్మం ఊడుతుంటే ఆ మందు ఆపి ఆస్పత్రికి పరుగెత్తాలి. జ్వరంలో వచ్చిన మచ్చ మీద గాజు గ్లాసు నొక్కితే రంగు పోకపోతే అది చర్మం కింద కారిన రక్తం కావచ్చు. డెంగీలోనూ, మెదడు పొరల ఇన్ఫెక్షన్‌లోనూ ఇలా కనబడుతుంది. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు ఎరుపుగా కనబడదు, ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది, కాబట్టి అరచేతులు, అంగిలి, కనురెప్పల లోపలి భాగం చూడాలి. జ్వరంతో పాటు చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటే స్క్రబ్ టైఫస్ అనుమానించాలి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలెట్టడం ఆలస్యమైతే ప్రమాదం. ఒంటికి ఒకవైపే పట్టీలా మంటతో పొక్కులొస్తే అది సర్పి. దాని మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే పూర్తి ఫలితం, కంటి దగ్గరైతే ఆ రోజే వెళ్లాలి. ఇక దురదే లేని, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కుష్ఠు కావచ్చు. చికిత్స ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది, ఆలస్యమైతేనే వేళ్లు, కళ్లు దెబ్బతింటాయి.

దురద లేనిదాన్ని పట్టించుకోం, దురద ఉన్నదాన్ని ఏదో ఒకటి రాసి అణిచేస్తాం. ఈ రెండు అలవాట్లూ ఒకే పొరపాటు నుంచి వచ్చినవి: బాధ ఎంతుందో అదే జబ్బు తీవ్రత అనుకోవడం. రాసేముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఎప్పుడు మొదలైందో, కొత్తగా ఏ మందు, ఏ సబ్బు, ఏ రంగు వాడారో, ఇంట్లో ఇంకెవరికైనా ఉందో రాసి పెట్టుకోండి. అప్పటికే ట్యూబు వాడి ఉంటే దాచకుండా దాన్ని డాక్టరుకు చూపించండి. అమ్మేవాళ్లు చీటీ అడిగేలా చూడాల్సింది ప్రభుత్వం. చీటీ లేకుండా అడగకూడదని నిర్ణయించుకోవాల్సింది మనం. ఆ రెండూ జరిగితే తామర మళ్లీ కొన్ని వారాల్లో తగ్గే మామూలు జబ్బు అవుతుంది.