ఇంటికి రెండవ ఇంటర్నెట్టు దారి

నూతిగట్టుపై చేదలు రెండున్నను త్రాడు ఒక్కటే అయినచో, ఆ త్రాడు తెగిననాడు ఇంటికి నీరు రాదు. ఇది అందరెరిగిన విషయమే. కాని ఇంటిలో కూర్చుండి ఇంటర్నెట్టు ద్వారా ఉద్యోగము చేయువారు రెండవ కనెక్షను తీసికొనునప్పుడు ఈ చిన్న సంగతినే తరచుగా మరచిపోవుదురు.

2020 మార్చి నెలలో దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు ఎందరో ఉద్యోగులు నగరములను విడిచి స్వస్థలములకు చేరి, అక్కడి నుండియే పనిచేసిరి. ఆ తరువాత ఇంటినుండి పనిచేయుట అనేక సంస్థలలో ఒక పద్ధతిగా నిలిచినది. పెద్ద నగరములో ఒక కంపెనీ సేవ బాగులేకున్న మరియొక కంపెనీని పిలువవచ్చును. చిన్న పట్టణములలోను పల్లెలలోను అట్టి వీలు తక్కువ. వీధిలోనికి వచ్చు తీగ ఒక్కటే ఉండవచ్చును. అది తెగినచో ఉద్యోగి సమావేశమునకు హాజరు కాలేడు. దూరపు విద్యార్థులకు పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయురాలి గొంతు మధ్యలో ఆగిపోవును. గంటల లెక్కన వేతనము పొందువారికి ఆనాటి సంపాదనయే పోవును.

ఇట్టివారికి రెండవ దారిగా ఏవేవి కలవు? వానిలో దేనిని ఎన్నుకొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము ధరల పట్టికలో లేదు. అది ఒక చిన్న గణితసూత్రములో ఉన్నది.

నడుమ వల, చివర దారము

శత్రువుల దాడిలో కొన్ని కేంద్రములు ధ్వంసమైనను మిగిలినవి పరస్పరము మాట్లాడుకొనగల వార్తావ్యవస్థ ఎట్లుండవలెనని పాల్ బారన్ అను అమెరికా ఇంజనీరు పరిశోధించి, తన ఫలితములను 1964లో ప్రకటించెను. ఒక్కొక్క కేంద్రమును పొరుగు కేంద్రములతో మూడు నాలుగు దారులచే కలిపినచో, పెక్కు కేంద్రములు నశించినను మిగిలినవానికి సంబంధము నిలుచునని ఆయన తేల్చెను. వార్తను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను దొరికిన దారిన పంపవలెనను ఆయన ఊహ నేటి ఇంటర్నెట్టుకు మూలమైన భావములలో ఒకటి.

కావున ఇంటర్నెట్టు నడిభాగము నిజముగా వల వంటిదే. ఒక పోగు తెగినను వార్త మరియొక పోగు వెంట పోవును. కాని ఈ వల మన వీధి చివరకు వచ్చుసరికి ఒంటి దారముగా మారుచున్నది. ఇంటికిని వలకును నడుమనున్న ఆ కొద్ది కిలోమీటర్లే మొత్తము మార్గములో బలహీనమైన భాగము. రెండవ దారి అనగా ఈ చివరి భాగమునకు మరియొక పోగును చేర్చుటయే.

రెండు ఎప్పుడు రెండగును?

ఒక ఉద్యోగి నెలకు 200 గంటలు పనిచేయుననుకొందము. మొదటి దారి నూటికి 2 పాళ్ళ కాలము, రెండవ దారి నూటికి 5 పాళ్ళ కాలము చెడియుండునని ఊహింతము. మొదటిది ఒక్కటే ఉన్నచో నెలకు 4 గంటల పని నష్టము. రెండును ఉన్నచో, అవి ఒకేసారి చెడియుండు అవకాశము 2/100 × 5/100, అనగా 1/1000. 200 గంటలలో ఇది 12 నిమిషములు మాత్రమే! రెండవ దారి మొదటిదానికంటె నాసిరకమైనను ఇంత లాభము కలుగుచున్నది.

అయితే ఈ గుణకారము ఒక షరతుపై ఆధారపడియున్నది. ఒకటి చెడుటకును, మరియొకటి చెడుటకును సంబంధము ఉండరాదు. పై 4 గంటలలో 1 గంట రెండింటికిని ఉమ్మడియైన కారణము వలన కలిగినదనుకొనుడు. ఆ గంటసేపు రెండవ దారియు మూతపడియే ఉండును. 12 నిమిషములనుకొన్న నష్టము గంటకు మించిపోవును. ఎన్ని కనెక్షన్లున్నవి అనుదానికంటె, వానికి ఉమ్మడి శత్రువులెవరు అను ప్రశ్న ముఖ్యమైనది.

ఇది కేవలము ఊహ కాదు. 2008 జనవరి 30వ తేదీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున రెండు సముద్రగర్భ కేబులులు ఒకేనాడు దెబ్బతినెను. అవి రెండు వేర్వేరు సంస్థలవి. కాని రెండును ఒకే ఇరుకు మార్గమున పోవునవి. ఆనాడు మనదేశముతో సహా పశ్చిమాసియా, దక్షిణాసియా దేశములలో ఇంటర్నెట్టు చాల మందగించెను.

మన రాష్ట్రములలోను ఈ పాఠము నేర్వదగిన ఉదాహరణలు కలవు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమున ఫైబరు తీగను చాలవరకు విద్యుత్ స్తంభములపైననే లాగిరి. అందువలన పని వేగముగా, తక్కువ ఖర్చుతో సాగినది. కాని స్తంభము కూలినచో విద్యుత్తును, ఇంటర్నెట్టును కలిసియే పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు స్తంభములును, చెట్లును నేలకొరిగి, విద్యుత్తు, టెలిఫోను సౌకర్యములు పలు దినములు స్తంభించెను. తెలంగాణలో మిషన్ భగీరథ నీటిగొట్టముల కొరకు త్రవ్విన కందకములలోనే టి-ఫైబరు గొట్టములను గూడ వేసిరి. ఇట్టి తీగకు గాలివాన భయము తక్కువ. రోడ్డు త్రవ్వు యంత్రముల భయము ఎక్కువ. ఏ తీగ శత్రువు ఏదో తెలిసినచో, ఆ శత్రువునకు చిక్కని దారిని వెదకవచ్చును.

మొబైలు దారి

ఫైబరునకు తోడుగా మొదట ఆలోచింపదగినది మొబైలు సేవ. టవరునుండి ఇంటికి రేడియో తరంగములే వచ్చును గనుక వీధి స్తంభముతో పనిలేదు. చేతిలోని ఫోనునే హాట్‌స్పాటుగా మార్చవచ్చును; లేదా సిమ్ము పెట్టు రౌటరును కొనవచ్చును. ఇంటి గోడలు, రేకుల కప్పు తరంగములను అడ్డగించునచోట, ఆంటెన్నాను డాబాపై అమర్చి టవరు వైపు త్రిప్పినచో సంకేతబలము పెరుగును. 700, 900 మెగాహెర్ట్జుల వంటి తక్కువ పౌనఃపున్యముల తరంగములు 2300, 3500 మెగాహెర్ట్జుల తరంగములకంటె ఎక్కువ దూరము పోయి, గోడలను మేలుగా దాటును. ఊరికి దూరమున ఉన్నవారికి ఏ కంపెనీ తమ ప్రాంతమున తక్కువ పౌనఃపున్యమును వాడుచున్నదో తెలిసికొనుట ఉపయోగకరము.

ఇచ్చటను ఉమ్మడి శత్రువును గూర్చి విచారింపవలెను. టవరు సైతము గాలిలో ఒంటరిగా నిలిచినది కాదు. దాని వెనుక ఫైబరు తీగయో, మైక్రోవేవు లంకెయో ఉండును. ఇంటి ఫైబరును, మొబైలు సేవను ఒకే కంపెనీనుండి పొందినచో, ఊరి వెలుపల తెగిన ఒక్క తీగ రెండింటిని ఆపివేయవచ్చును. కనుక వేరు కంపెనీ సిమ్ము మేలు. రెండు కంపెనీల పరికరములు ఒకే టవరుపై ఉండుట గూడ సామాన్యమే గనుక, వీలైనచో ఆ సంగతిని కూడ విచారింపవలెను.

ఎంత డేటా కావలెను? వీడియో సమావేశము ఇరువైపుల కలిపి సెకనుకు 2 మెగాబిట్లు వాడుననుకొన్నచో, గంటకు 2 × 3600 ÷ 8 = 900 మెగాబైట్లగును. మాట మాత్రమే అయినచో సెకనుకు 100 కిలోబిట్ల చొప్పున గంటకు 45 మెగాబైట్లే. కాబట్టి ఆపత్సమయమున బొమ్మను ఆపి మాటను నిలుపుకొనినచో అదే డేటా ఇరువది రెట్ల కాలము వచ్చును. చాలకాలము వాడని సిమ్ము రద్దగును గనుక, దానిని అప్పుడప్పుడు వాడుచుండవలెను.

ఆకాశపు దారి

మొబైలు సంకేతము కూడ అందని చోట్ల ఉపగ్రహమే శరణ్యము. ఇందు రెండు తరగతులు కలవు. మొదటిది భూస్థిర ఉపగ్రహము. 2018 డిసెంబరులో ప్రయోగింపబడిన మన జీశాట్-11 ఇట్టిదే. ఇది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండి, భూమితో సమముగా తిరుగుచు, ఆకాశమున ఒకేచోట నిలిచినట్లు కనబడును. మన ప్రశ్న పైకి పోయి క్రిందికి దిగవలెను; సమాధానము మరల పైకి పోయి క్రిందికి దిగవలెను. అనగా దాదాపు 1,43,000 కిలోమీటర్ల ప్రయాణము. కాంతి వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక, దీనికే అర సెకను వరకు పట్టును. ఉత్తరములు పంపుటకు ఇది అడ్డు కాదు. సంభాషణలో మాత్రము ఒకరి మాటపై ఒకరి మాట పడును. ఎంత ధనము వెచ్చించినను ఈ ఆలస్యమును తగ్గించుట సాధ్యము కాదు; అది ప్రకృతి నియమము.

రెండవ తరగతి తక్కువ ఎత్తున తిరుగు ఉపగ్రహములు. స్టార్‌లింక్ ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగును. ఇచ్చట ఆ నాలుగు ప్రయాణములకు వెయ్యింట 7, 8 సెకన్లే పట్టును. కాని ఇంత క్రిందనున్న ఉపగ్రహము కొద్ది నిమిషములలో మన ఆకాశమును దాటిపోవును గనుక వేలకొలది ఉపగ్రహములు అవసరమగును. ఈ సంస్థకు మనదేశమున 2025లో లైసెన్సు లభించినది.

ఉపగ్రహపు దారికి వీధి స్తంభముతోను, ఊరి టవరుతోను పనిలేదు. ఇదే దాని విలువ. 2022 జనవరి 15న టోంగా దీవులలో అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ఆ దేశమును ప్రపంచముతో కలుపు ఏకైక సముద్రగర్భ కేబులు తెగెను. దానిని బాగుచేయుటకు ఐదు వారములకు పైగా పట్టినది. అంతవరకు వారికి ఉపగ్రహములే ఆధారమైనవి. అయినను ఈ దారికి గూడ ఒక శత్రువు కలదు. 10 గిగాహెర్ట్జులకు మించిన తరంగములను వానచినుకులు గ్రహించి చెదరగొట్టును. కుండపోత వానలో ఈ సేవ కొంతసేపు ఆగవచ్చును.

అన్ని దారులకు ఉమ్మడి శత్రువు

ఇన్ని దారులు అమర్చినను ఇంటిలో కరెంటు పోయినచో అన్నియు ఒక్కసారిగా ఆగును. ఆశ్చర్యమేమనగా, చాల ఇండ్లలో ఇంటర్నెట్టు పోవుటకు తీగ కాక, గోడనున్న చిన్న పెట్టెకు విద్యుత్తు అందకపోవుటయే కారణము. కేంద్రమునుండి ఇంటి వరకు వచ్చు ఫైబరులో కాంతిని పంచు పరికరమునకు సాధారణముగా కరెంటు అక్కరలేదు. వీధి అంతయు చీకటిగా ఉన్నను, కేంద్రములో జనరేటరును, మన పెట్టెకు బ్యాటరీయు ఉన్నచో సేవ నడచును.

12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి ఉండును. ఫైబరు పెట్టె, రౌటరు కలిసి 12 వాట్లు వాడినచో లెక్కకు 7 గంటలు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయరాదు, కొంత శక్తి వృథాయగును. కనుక 4, 5 గంటలని భావించుట మేలు. ఉపగ్రహపు పళ్ళెము దీనికి అనేక రెట్లు విద్యుత్తును వాడును గనుక దానికి పెద్ద ఇన్వర్టరు కావలెను. కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో రెండవ కనెక్షనుకంటె ముందు బ్యాటరీని కొనుటయే తెలివైన పని.

తరగతిలో చేయదగిన పని

విద్యార్థులు తమ ఇంటినుండి బయలుదేరు ప్రతి ఇంటర్నెట్టు దారిని కాగితముపై గీయవచ్చును. పెట్టె, దానికి విద్యుత్తు నిచ్చు తీగ, వీధి స్తంభము, టవరు, కంపెనీ, ఊరి వెలుపలి రోడ్డు అని వరుసగా గుర్తింపవలెను. రెండు గీతలు కలియుచోట ఎఱ్ఱని చుక్క పెట్టవలెను. ఎఱ్ఱచుక్కలు ఎంత తక్కువయైనచో రెండవ దారి అంత నిజమైనది.

పిదప నెలకొకసారి పని లేని వేళ మొదటి దారిని కావలెనని ఆపి, రెండవ దారిపై గంటసేపు పనిచేసి చూడవలెను. రెండు దారులు గల రౌటరు మార్పును తనంతట తానే చేయును. కాని దారి మారినప్పుడు ఇంటి చిరునామా సంఖ్యయు మారును గనుక, నడచుచున్న సమావేశము తెగి, మరల చేరవలసి రావచ్చును. ఆ లోపము ముందుగా తెలిసియుండుట మంచిది. సిమ్ములో డేటా నిండుకొనుట, బ్యాటరీ ముసలిదగుట వంటివన్నియు ఈ పరీక్షలోనే బయటపడును. ఎన్నడును పరీక్షింపని రెండవ దారి, అవసరము వచ్చిన నాడు ఉన్నదో లేదో ఎవరును చెప్పలేరు.