సున్నపురాతి గర్భమున, ముండ్లపొదల మాటున

కర్నూలు, కడప జిల్లాలను గూర్చి వ్రాయువారు సామాన్యముగా కరవులను లెక్కించి ఊరకుందురు. కాని వానలు చాలని యా నేలయే, సున్నపురాతితో నిండిన యా కొండలే, ఇతర ప్రదేశములందు ఎన్నడో మట్టిలో కలిసిపోయెడి జంతువుల యెముకలను వేలకొలది యేండ్లు చెడనీయక దాచిపెట్టినవన్న సంగతి మనలో పెక్కుమందికి తెలియదు.

బేతంచెర్ల చెంతనున్న బిల్వస్వర్గం గుహలలో ఎముకలు కలవని 1844లో న్యూబోల్డ్ అను సైనికోద్యోగి తెలిపెను. పిమ్మట ఇంచుమించు నలువదియేండ్లు ఆ మాటను పట్టించుకొన్నవారు లేరు. జీవశాస్త్రజ్ఞుడైన హక్స్లీ ఇంగ్లండు నుండి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ను ప్రోత్సహింపగా, భూగర్భ పరిశోధన శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ ఆ గుహలలోని మట్టిని పొరలు పొరలుగా త్రవ్వించిరి. బయల్పడిన యెముకలను 1886లో లిడెక్కర్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి, వానిలో ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టి ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అనెను. పచ్చికను, నీటిమడుగులను కోరెడి ఖడ్గమృగము నేడు కొఱ్ఱయు జొన్నయు కష్టముమీద పండెడి సీమలో తిరుగాడినదనగా, ఈ సీమ అనాదిగా ఎండినదే యను మన నమ్మకము నిలువదు. కరవు ఈ నేల జన్మలక్షణము కాదు.

అక్కడికి దూరము కాని జ్వాలాపురము వద్ద, జుర్రేరు లోయలో, మరియొక విచిత్రము కలదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమందలి తోబా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు గాలిలో కొట్టుకొనివచ్చిన బూడిద అచ్చట తెల్లని పొరగా నిలిచియున్నది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలగు పురావస్తు పరిశోధకులు ఆ పొరకు క్రిందను, మీదను గూడ రాతి పనిముట్లను కనుగొని, 2007లో ప్రకటించిరి. అంతటి ఉత్పాతము పిదపను ఈ లోయలో మనుష్యసంచారము సాగెనని వారి యభిప్రాయము. ఆ బూడిదనే కొందరు వ్యాపారమునకై త్రవ్వి తరలించుచుండుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. పోయిన పొరను ఏ శాస్త్రజ్ఞుడును మరల పఱపజాలడు.

ఖనిజములకు ఈ సీమ పెట్టినది పేరు. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు ఇండ్లలో పఱచియున్నవి. తొలకరి కురియగానే జొన్నగిరి చేలలో వజ్రములకై జనము వెదకులాడుదురు. మంగంపేటలో ప్రజలు ముగ్గురాయి యని పిలిచెడి బెరైటీసు ప్రపంచమందలి మిక్కిలి పెద్ద నిక్షేపములలో ఒకటి, చమురు బావులు త్రవ్వుచోట దాని పొడి యక్కరకు వచ్చును. తుమ్మలపల్లెలో యురేనియము తీయుచున్నారు. ఎఱ్ఱచందనమైతే ఈ కొండలను విడిచి లోకమున మరియెచ్చటను సహజముగా విస్తారముగా పెరుగదు. కనుకనే గొడ్డలి దానిని విడువకున్నది.

ఇన్నింటిలో నా మనస్సును పట్టుకొన్నది కలివికోడి. రొమ్ముపై రెండు గోధుమవన్నె చారలతో, పగలెల్ల ముండ్లపొదల మాటున నుండి రాత్రివేళ పురుగులనేరుకొనెడి ఈ పక్షిని జెర్డన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు కనుగొనగా, 1848లో బ్లైత్ అను పండితుడు వర్ణించెను. 1900 తరువాత ఎవరికిని కనబడకపోగా, నశించినదని పండితులు తీర్మానించిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె యొద్ద ఒక స్థానిక వేటగాడు రాత్రి దీపపు వెలుగున దానిని పట్టెను. బొంబాయి సహజచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అది కలివికోడియేయని నిర్ధారించెను. గ్రంథములు లేదన్న పక్షిని పొదల నెఱిగినవాడు చూపెను. ఆ పక్షి రక్షణకై 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. దరిమిలా తెలుగుగంగ కాలువ కలివికోడి నివాసమునకు అడ్డుపడబోగా, కాలువ దారినే మార్చవలసి వచ్చెను.

అంత యరుదైన ప్రాణిని కంటితో చూచి లెక్కించుట యసాధ్యము గనుక, పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిబాటలు పఱచి, దాని యడుగుజాడలను వెదకిరి. రాత్రులందు తమంతట ఛాయాచిత్రములు తీసెడి కెమెరాలను నిలిపిరి. వారికి తెలిసినదేమనగా, పొదలు మరీ దట్టమైనను కలివికోడి నిలువదు, వానిని నరికి నేలను చదును చేసినను నిలువదు. పొదకు పొదకు నడుమ బయలు మిగిలియుండు చోటులనే అది కోరును. అట్టి చోటులు మేకలు మితముగా మేయుటవలనను, పల్లెవారు వంటచెరకును ఓపికగా ఏరుకొనుటవలనను నిలుచుచున్నవి. నిమ్మతోటలకై యంత్రములతో ఒక్కమారుగా తుడిచివేసిన పొలములలో దాని జాడ కానరాదు.