మేల్కొనని యంత్రము

దసరా సెలవులు ముగిసి తలుపులు తెరచిన దినమున ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో కంప్యూటరు మేల్కొనలేదు. మీట నొక్కిరి. లోపల గాలిమర తిరుగు సవ్వడి వినవచ్చెను. ముందుభాగమున చిన్న దీపము వెలిగెను. తెర మాత్రము నల్లగానే యుండెను. మరల నొక్కిరి. మరల నదే వరుస. ఊరిలోని పండ్రెండు బావుల నీటిమట్టమును వారమున కొకమారు చొప్పున ఏడాది పొడవున విద్యార్థులు కొలిచి వ్రాసిన లెక్క ఆ యంత్రములోనే యున్నది. కొలతలు వ్రాసికొన్న చీటీలను పని తీరినదని పారవేసిరి. జిల్లా విజ్ఞాన ప్రదర్శనమునకు నాలుగు దినములే గడువు.

“ఇది పదేండ్ల నాటిది. దీని పని అయిపోయినది. తూకమునకు వేసి క్రొత్తది కొనవలసినదే” అని చూడవచ్చిన వారిలో నొకరు తీర్పు చెప్పిరి.

“అయ్యా, మేము వ్రాసినదంతయు పోయినట్లేనా?” అని ఒక బాలిక సామాన్యశాస్త్రోపాధ్యాయుని అడిగెను.

“దీపము వెలుగనంత మాత్రమున పెట్టెలో దాచిన పుస్తకము కాలిపోవునా, తల్లీ? ముందుగా ఏవి పనిచేయుచున్నవో చూతము. పనిచేయనిది దానంతట అదే బయటపడును” అని ఆయన బదులు చెప్పెను.

ఆ మాటలు రెండును గమనింపదగినవి. కంప్యూటరులో మనము దాచుకొను వ్రాతలు హార్డ్ డిస్కు అను భాగములో అయస్కాంతపు గురుతులుగా నిలిచియుండును. విద్యుత్తు లేకున్నను అవి చెరగవు. డిస్కు చెడనంతవరకు మిగిలిన యంత్రమెంత మూగవోయినను వ్రాతలకు హాని లేదు. ఆ డిస్కును విప్పి మరియొక యంత్రమునకు తగిలించి చదువుకొనవచ్చును. ఇక రెండవ మాట. నాడి చూడని వైద్యుడు మందులు మార్చి మార్చి యిచ్చినట్లు, కారణము తెలియక భాగములను మార్చుచు పోవువాడు ధనమును వ్యర్థపరచును. తుదకు రోగమెక్కడ నున్నదో ఆతనికే తెలియదు.

కంప్యూటరు మేల్కొనుట ఒక్క క్షణములో జరిగినట్లు కనబడినను అందు ఒకదాని వెనుక నొకటిగా పెక్కు పనులు జరుగును. గోడలోని సాకెట్టునుండి వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. లోపలి సున్నితమైన చిప్పులు దానిని తాళలేవు. పవర్ సప్లై అను లోహపు పెట్టె దానిని 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి యిచ్చును. ఇందొక వింత కలదు. పెట్టె ముందున్న మీట ఇంటిలోని దీపపు మీట వంటిది కాదు. 1995లో ఇంటెల్ సంస్థవారు ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ పద్ధతిలో, గోడ మీట వేసియున్నంతకాలము 5 వోల్టుల సన్నని ధార యొకటి కాపలావాని వలె మేలుకొనియే యుండును. ముందున్న మీటను నొక్కుట యనగా రెండు సన్నని తీగలను క్షణకాలము కలుపుటయే. ఆ సైగ చూచి మదర్‌బోర్డు పవర్ సప్లైని లెమ్మని ఆజ్ఞాపించును. అది తన ధారలన్నియు స్థిరపడిన పిదప, సెకనులో పదవవంతు మొదలు సగము వరకు ఆగి, విద్యుత్తు సరిగానున్నదను గురుతు పంపును. ఆ గురుతు అందువరకు ప్రాసెసరు కదలదు.

గురుతు అందినతోడనే ప్రాసెసరు ఒక నియతస్థానమునుండి తన మొదటి ఆజ్ఞను చదువును. ఈ తొలి ఆజ్ఞలు మదర్‌బోర్డుపై నతికించిన చిన్న చిప్పులో, విద్యుత్తు లేకున్నను చెరగని రీతిని వ్రాయబడి యుండును. వాని ననుసరించి యంత్రము తన్ను తానే పరీక్షించుకొనును. ర్యామ్ ఉన్నదా, అది వ్రాసినది వ్రాసినట్లు తిరిగి చెప్పుచున్నదా, తెరకు బొమ్మను పంపు భాగము పలుకుచున్నదా, కీబోర్డు కలదా యని విచారించి, అన్నియు సరియైనచో డిస్కును వెదకి, అందలి నిర్వహణ వ్యవస్థను ర్యామ్‌లోనికి తెచ్చుకొని దానికి పెత్తన మప్పగించును.

విజయవాడనుండి విశాఖపట్టణమునకు బయలుదేరిన రైలు రాజమహేంద్రవరము దాటినదనియు, తునికి చేరలేదనియు తెలిసినచో దానిని ఏలూరులో వెదకువాడుండడు. కంప్యూటరు విషయమును అంతియే. ప్రయాణము ఎక్కడివరకు సాగినదో తెలిసినచో వెదకవలసిన చోటు చిన్నదగును.

యంత్రములకు ఆరంభమే గండమను సంగతి తొలినాటి కంప్యూటర్లను నిర్మించినవారికి బాగుగా తెలియును. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వు లుండెడివి. వాల్వు వేడెక్కునపుడును చల్లారునపుడును లోపలి తంతువు సాగి ముడుచుకొని దెబ్బతినెడిది. కావున దానిని ఆర్పక నడపుటయే మేలని వారు కనుగొనిరి. అట్లు చేసినను, మెరుగైన వాల్వులు వచ్చిన పిదపను, సుమారు రెండు దినముల కొకటి చొప్పున చెడుచునే యుండెను. చెడినదానిని పావుగంటలో పట్టగలిగెడివారమని నిర్మాతలలో నొకడైన ప్రెస్పర్ ఎకర్ట్ తరువాతి కాలమున చెప్పెను. ఒక్కొక్కదానినే పరీక్షించుచు పోయినచో పావుగంటలో ముగించుటకు సెకనునకు ఇరువది వాల్వులు చూడవలెను! అది మానవునకు సాధ్యము కాదు. ఏ భాగమువరకు లెక్క సరిగా వచ్చినదో చూచి, మిగిలినదానిలోనే వెదకినవానికి సాధ్యము. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి మార్క్ 2 యంత్రములో ఒక రిలే నడుమ చిక్కి చచ్చిన రెక్కలపురుగును పట్టి, పనివారు తమ దినచర్య పుస్తకములో నంటించిరి. ఆ పుట నేటికిని అమెరికాలోని జాతీయ చరిత్ర వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. మన ఇండ్లలోని యంత్రములలో ఆ పని చీమలును బల్లులును చేయుచుండును. వానిని ఎవరును పుస్తకములో అంటించుట లేదు.

మేల్కొనని కంప్యూటర్లన్నియు ఒకే విధముగా మూగవి కావు. కొన్ని మీట నొక్కినను దీపముగాని సవ్వడిగాని లేక శవమువలె పడియుండును. అట్టివానియెడల ముందుగా గోడ సాకెట్టునకు వేరొక దీపము తగిలించి చూడవలెను. పిదప వచ్చు తీగను, పెట్టె వెనుకనుండు చిన్న మీటను చూడవలెను. నవ్వు వచ్చినను ఇది మొదట చేయవలసిన పనియే. ఊడ్చునప్పుడు చీపురు తగిలి ఆరిపోయిన మీట కొరకు మదర్‌బోర్డును మార్చినవారును లేకపోలేదు. ముందున్న మీటయే పాడైనదేమో యను సందేహము కలిగినచో, దాని తీగను తీసి ప్రక్కనుండు రీసెట్ మీట తీగను ఆ సూదులకు తగిలించి నొక్కి చూడవచ్చును. రెండును చేయునది రెండు తీగలను కలుపుటయే కదా. అప్పటికిని కదలనిచో పవర్ సప్లైని శంకింపవలెను. మీటరు గలవారు దాని ధారలను కొలిచి, 12 వోల్టుల ధార 11.4కు తగ్గక 12.6కు మించక యున్నదా, 5 వోల్టులది 4.75కును 5.25కును నడుమ నున్నదా యని చూతురు.

అయితే పవర్ సప్లై పెట్టెను విప్పరాదు. అందలి కెపాసిటర్లలో మూడువందల వోల్టులకు పైబడిన విద్యుత్తు చేరియుండును. తీగను గోడనుండి పీకిన పిదపను అది కొంతకాలము అందే పొంచియుండి, తాకినవానిని కొట్టును. చెడినచో మరియొక దానిని పెట్టి చూడవలసినదే కాని పిల్లలు గాని పెద్దలు గాని దానిలో వ్రేలు పెట్టవలసిన పని లేదు.

తెరపై అక్షరములు వచ్చి, డిస్కు దొరకలేదని చెప్పి ఆగిపోవు యంత్రములు వేరొక తెగ. ఇవి చాలదూరము నడచినవి. డిస్కు తీగలు వదులైనవేమో చూచిన పిదప చెవి యొగ్గి వినవలెను. లోపలి పళ్లెము నిమిషమునకు 5,400 గాని 7,200 గాని మారులు తిరుగునపుడు సన్నని జోరీగవంటి నాద ముండును. దానికి మారుగా టక్కు టక్కు మని తెగని శబ్దము వచ్చుచున్నచో ఆ క్షణముననే యంత్రము నార్పవలెను. మరల మరల వేసి చూచుట అట్టి తరుణమున ఎంతో నష్టము కలిగించును. వ్రాతలకు నిజముగా ముప్పు వచ్చు చోటు ఇదియే.

పాఠశాలలోని యంత్రము ఈ రెండు తెగలకును నడిమిది. గాలిమర తిరుగుచున్నది కనుక గోడ సాకెట్టు, మీట, పవర్ సప్లై కొంతవరకైనను పనిచేయుచున్నవి. ఉపాధ్యాయుడు తెరను దాని తీగతో సహా ప్రధానోపాధ్యాయుని గదిలోని కంప్యూటరునకు తగిలించి చూపెను. బొమ్మ చక్కగా వచ్చెను. తప్పు పెట్టెలోనే యున్నదని తేలినది. అప్పుడాయన గోడనుండి తీగను పీకి, మీటను కొంతసేపు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, పెట్టె మూతను విప్పెను. లోపల చేయి పెట్టుటకు ముందు పెట్టె యినుమును తాకెను, విద్యార్థులచేతను తాకించెను. నడచునపుడు బట్టల రాపిడిచే మన దేహమున చేరు విద్యుత్తు మనకు తెలియనంత స్వల్పమైనను చిప్పును మాడ్చుటకు చాలును. లోహమును తాకినచో అది జారిపోవును.

లోపల బూజును ధూళియు మెండుగా నుండెను. దానిని మెత్తని కుంచెతో తొలగించిరి. ప్రాసెసరునకు 12 వోల్టులను తెచ్చు నాలుగు రంధ్రముల తీగ గట్టిగానే కూర్చుండియున్నది. అది ఊడినను గాలిమర తిరుగును, తెర మాత్రము వెలుగదు. నిలువుగా డబ్బాల వలె నుండు కెపాసిటర్ల తలలను చూచిరి. అవి చదునుగానే యున్నవి. 1999 మొదలు 2007 వరకు తయారైన పెక్కు బోర్డులలో లోపలి ద్రవము మంచిది కాకపోవుటచే వీని తలలు ఉబ్బి పగిలి, మేలైన యంత్రములు వేలకొలది మూలబడెను.

ఇక కంటితో చూడదగినది లేదు. ఉపాధ్యాయుడు సామానుల గదిలోని పాత యంత్రమునుండి గోరంత స్పీకరును తీసి తెచ్చి బోర్డునకు తగిలించి మీట నొక్కెను. దీర్ఘమైన కూత యొకటి వినవచ్చెను, ఆగెను, మరల కూసెను. విద్యార్థులు భయపడిరి. ఆయన ముఖము వికసించెను.

ఆయన సంతోషమునకు కారణమున్నది. తెర వెలుగకముందే చెడు వార్త చెప్పవలసివచ్చినచో యంత్రమునకు ధ్వనియే దిక్కు. 1981లో వెలువడిన ఐబీఎమ్ పీసీ మొదలుకొని ఈ ఏర్పాటున్నది. ఆ యంత్రములో ఒక చిన్న కూత అంతయు క్షేమమని చెప్పెడిది. ఒక పొడవు, రెండు పొట్టి కూతలు తెరకు బొమ్మ పంపు కార్డులో దోషమున్నదని చెప్పెడివి. తరువాత ఒక్కొక్క సంస్థ తనకు తోచిన భాషను కల్పించెను గనుక, బోర్డుతో వచ్చు చిన్న పుస్తకమును చూడనిదే కూతల అర్థము తెలియదు. ఇప్పటి బోర్డులు కొన్నింటిలో కూతకు మారుగా ప్రాసెసరు, ర్యామ్, తెర, డిస్కు అను నాలుగు చిన్న దీపములుండి, దోషమున్నచోటిది వెలిగియుండును. ఏ భాషయైనను ఒక సంగతి స్పష్టము. ఫిర్యాదు చేయుటకు ప్రాసెసరు ఆజ్ఞలను చదువవలెను, బోర్డు బ్రతికియుండవలెను, విద్యుత్తు సరిగా నుండవలెను. కూసిన యంత్రములో ఖరీదైన భాగములు క్షేమమన్నమాట.

ఈ బోర్డు పుస్తకము ఎప్పుడో పోయినది. అందుచేత ఆయన ప్రశ్నను మరియొక విధముగా వేసెను. ప్రతిమారును తీగను పీకిన పిదపనే లోపల చేయి పెట్టుచు, ముందుగా ర్యామ్ పలకలు రెండును తీసివేసి మీట నొక్కెను. అదే దీర్ఘమైన కూత. ర్యామ్ ఉన్నను లేకున్నను ఒకే మాట యనుచున్నది కనుక, ఉన్న ర్యామ్‌ను అది గుర్తింపలేకున్నదని ఊహింపవచ్చును. పలకల అంచునగల బంగారు పూతపై వానకాలపు తేమకు మసక పట్టియుండెను. దానిని రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిని దులిపి, మొదటి పలక నొక్కదానినే గాడిలో పెట్టిరి. మరల కూత. దానిని తీసి అదే గాడిలో రెండవదానిని పెట్టిరి. ఒక్క చిన్న కూత వినవచ్చి, తెర వెలిగెను.

బాలికలు చప్పట్లు కొట్టిరి గాని ఉపాధ్యాయుడు అంతటితో ఆగలేదు. యంత్రమును ఆర్పి, మొదటి పలకను రెండవ గాడిలో నుంచి చూచెను. కూత తిరిగి వచ్చెను. రెండవ పలక ఆ గాడిలోను పనిచేసెను. చెడినది గాడి కాదు, పలకయే యని అప్పుడు నిశ్చయమైనది. ఒక్కసారి బాగైనంతనే మూత బిగించినచో తప్పు పలకదో గాడిదో తెలియక, మరునాడు క్రొత్త పలక కొని చెడిన గాడిలో పెట్టుకొను ప్రమాద ముండెడిది.

తెరపై నొక హెచ్చరిక నిలిచియుండెను. యంత్రము తన అమరికలను మరచినదని దాని భావము. ఇది రెండవ దోషము. బోర్డుపై నాణెమువలె నుండు సీఆర్ 2032 ఘటము యంత్రము ఆరియున్నపుడు గడియారమును నడపుచుండును. దాని పేరులోనే దాని కొలత యున్నది: అడ్డము 20 మిల్లీమీటర్లు, మందము 3.2. క్రొత్తదానిలో 3 వోల్టు లుండును. దీనిలో రెండైనను లేవు. ఊరిలోని గడియారముల దుకాణమున క్రొత్తది దొరకినది.

యంత్రము సగము ర్యామ్‌తో మందముగా నడచినను నడచెను. బావుల లెక్క తెరచినప్పుడు పండ్రెండు వరుసలును ఉన్నవి. బాలిక ముందుగా దానికి రెండు ప్రతులు తీసి, ఒకటి పెన్ డ్రైవులోను మరియొకటి ప్రధానోపాధ్యాయుని కంప్యూటరులోను ఉంచినది. తరువాత ఆ వారపు కొలతలు ఎక్కింపబోయి ఆగినది. తెర మూలను ఏనాడో గడచిన సంవత్సరపు జనవరి 1వ తేదీ కనబడుచుండెను. గోడపై క్యాలెండరు చూచి తేదీని సరిదిద్ది, పిమ్మట ఒకటవ బావి మట్టమును వ్రాసెను.