పిల్లలకు లెక్కలు, సైన్స్ బాగా రావాలంటే కోచింగ్ ఒక్కటే దారా? అంతర్జాతీయ సర్వేలు ఏం చెబుతున్నాయంటే..

రిజల్ట్స్ సీజన్ వచ్చిందంటే ఊరంతా ర్యాంకుల ఫ్లెక్సీలే. ఫౌండేషన్ కోర్స్ పేరుతో ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్ మొదలైపోతోంది. ఆ ఫీజులు కట్టలేని ఇళ్లలో ఒకటే దిగులు.. మన పిల్లలు వెనకబడిపోతారేమో అని. మరి లెక్కలు, సైన్స్‌లో ముందుంటున్న పిల్లల వెనక అసలేమున్నాయి?

దీని మీద ఏళ్ల తరబడి డేటా ఉంది. 1995లో మొదలైన టిమ్స్ సర్వేలో నాలుగేళ్లకోసారి 4, 8 తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్స్ పరీక్ష పెడతారు. ఓఈసీడీ నిర్వహించే పిసా 15 ఏళ్ల పిల్లలకు. పరీక్షతో ఊరుకోరు. ఇంట్లో ఏమున్నాయి, అమ్మానాన్న ఏం చదివారు, బడికి ఆకలితో వస్తున్నావా.. ఇలాంటి ప్రశ్నలు కూడా అడుగుతారు. అసలు విషయం ఆ జవాబుల్లోనే ఉంది.

ముందు ఇంటి సంగతి. పుస్తకాలున్న ఇల్లు, చదువుకున్న తల్లిదండ్రులు, ఇంటర్నెట్.. ఇవి ఉన్న పిల్లల స్కోరు సగటున ఎక్కువగా ఉంటోంది. పిసా 2022లో ఓఈసీడీ దేశాల సగటు చూస్తే, లెక్కల్లో ఉన్న కుటుంబాల పిల్లలకు, లేని కుటుంబాల పిల్లలకు మధ్య తేడా 93 పాయింట్లు. చిన్న తేడా కాదిది. అలాగని అల్మరా నిండా పుస్తకాలు కొని సర్దితే మార్కులు పెరగవు. పుస్తకాలు ఆ ఇంటి వాతావరణానికి గుర్తు మాత్రమే. అదే సర్వేలో ఇంకో విషయం కూడా ఉంది. పేద కుటుంబాల పిల్లల్లో ప్రతి 10 మందిలో ఒకరు తమ దేశంలోని టాప్ 25 శాతంలో నిలిచారు.

ఇక్కడే ఫ్లెక్సీల సంగతి కూడా అర్థమవుతుంది. ఎంట్రన్స్ టెస్ట్ పెట్టి, లక్షల ఫీజు తీసుకుని చేర్చుకున్న పిల్లలకు ర్యాంకులొస్తే అందులో స్కూల్ కష్టమెంత, ఇంటి నుంచి తెచ్చుకున్నదెంత? ఫ్లెక్సీ మీద అది రాయరు కదా!

ఒకటో తరగతి కంటే ముందే..

టిమ్స్‌లో నాలుగో తరగతి పిల్లల తల్లిదండ్రులను మరో ప్రశ్న అడుగుతారు. బడిలో చేర్చకముందు పిల్లలతో ఏం ఆడారు? వస్తువులు లెక్కపెట్టడం, అంకెల పాటలు, బ్లాకులు పేర్చడం, కొలవడం, బోర్డు మీద ఆడే ఆటలు.. ఇవి తరచూ చేశామన్న ఇళ్ల పిల్లలు నాలుగో తరగతిలో లెక్కల్లో ముందున్నారు.

ఇవి మనకు కొత్తేం కాదు. వైకుంఠపాళిలో పాము మింగితే ఎన్ని గళ్లు దిగామో లెక్కపెట్టడం, వామనగుంటల్లో గింజలు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడం, అష్టాచమ్మాలో ఎన్ని పడితే కాయ పండుతుందో ముందే చూసుకోవడం.. అన్నీ లెక్కలే. అమ్మమ్మ చింతగింజలతో నేర్పే ఈ పని వేల రూపాయల యాప్ కంటే తక్కువేం కాదు.

తర్వాత కడుపు. రోజూ ఆకలితో బడికొస్తున్నామని చెప్పిన పిల్లల సగటు స్కోరు టిమ్స్‌లో తక్కువగా ఉంది. తరచూ బడి మానేసే పిల్లలదీ అదే పరిస్థితి. మధ్యాహ్న భోజనం పెట్టేసరికి సగం పీరియడ్లు అయిపోతాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ 2023లో బడుల్లో పొద్దున్నే రాగి జావ ఇవ్వడాన్ని ఈ కోణంలో కూడా చూడాలి.

లెక్కలంటే భయం కూడా తక్కువ విషయం కాదు. భయం ఎక్కువున్న చోట స్కోరు తక్కువ. అయితే భయం వల్ల మార్కులు తగ్గాయా, మార్కులు తగ్గి భయం పెరిగిందా అనేది ఈ సర్వేలు తేల్చలేవు. రెండూ కలిసే నడుస్తాయని మాత్రం చెప్పగలవు.

ఫోన్ సంగతి? పిసా 2022లో ఓఈసీడీ దేశాల్లో సగటున 65 శాతం మంది విద్యార్థులు కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లో ఫోన్లు, ట్యాబ్‌ల వల్ల ధ్యాస పోతోందని ఒప్పుకున్నారు. చదువు కోసం రోజుకు గంట లోపు వాడిన వాళ్ల స్కోరు మాత్రం అసలు వాడని వాళ్ల కంటే మెరుగ్గానే ఉంది.

మరి మన పిల్లలు?

2009 పిసాలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. జాబితాలో దాదాపు అట్టడుగున నిలిచాయి. ఆ తర్వాత 2012, 2015, 2018, 2022 రౌండ్లలో మన దేశం లేనే లేదు. మనకున్నది సొంత సర్వే. 2024 డిసెంబర్‌లో దేశవ్యాప్తంగా 3, 6, 9 తరగతులకు పెట్టిన పరఖ్ పరీక్షలో, ఆరో తరగతి పిల్లల్లో 10 వరకు ఎక్కాలు వచ్చినవాళ్లు 53 శాతమే. మూడో తరగతిలో 60 శాతంగా ఉన్న లెక్కల సగటు తొమ్మిదికి వచ్చేసరికి 37కి పడిపోయింది. అంటే పునాది దగ్గర మొదలైన లోటు పైకి వెళ్లేకొద్దీ పెరుగుతోంది. ఫౌండేషన్ కోర్స్ అని మనం ఆరో తరగతిలో మొదలుపెడుతున్నది ఇలాంటి పునాది మీదే.

టిమ్స్ 2023లో రెండు తరగతుల్లో, రెండు సబ్జెక్టుల్లో సింగపూర్‌దే ఫస్ట్ ప్లేస్. నాలుగో తరగతి లెక్కల్లో ఆ దేశం స్కోరు 615, స్కేల్ మధ్య బిందువు 500. ట్యూషన్ల పిచ్చి అక్కడా ఉంది. కానీ అక్కడి సర్కారు ఇంకో పని కూడా చేస్తుంది. ఒకటో తరగతిలో చేరగానే పిల్లలకు అంకెలు ఎంతవరకు వచ్చో చూస్తారు. ఇంటి దగ్గర అవి అందని పిల్లలను చిన్న గ్రూపులుగా కూర్చోబెట్టి, శిక్షణ పొందిన టీచర్లతో బడిలోనే మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తారు.