ఏకాకి తీర్థయాత్రకు సన్నాహము

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానులను సామెత రైలుబండ్లు రాకపూర్వపు మాట. అందు భయమొక్కటియే కాదు, ఒక హెచ్చరికయు నున్నది. మరల రాకపోవచ్చునని యెఱిగి కదలువాడు అప్పులు తీర్చి, పంపకములు ముగించి, ఆలుబిడ్డల కేర్పాటు చేసి గడప దాటవలయును. తీర్థమహిమలను వర్ణించు గ్రంథములు మనకు కొల్లలు. కాని తొలిసారిగా, తోడెవ్వరును లేక, దూరపుయాత్రకు కాలినడకను పోదలచినవాడు ముందుగా చేయవలసినదేమి యను విషయ మంతగా విచారింపబడినట్లు తోపదు.

యాత్రారంభవిధి ధర్మశాస్త్రనిబంధనములలో నున్నది. 16వ శతాబ్దమున కాశీవాసియగు నారాయణభట్టు రచించిన త్రిస్థలీసేతువు ఈ విషయమున పేరుగన్నది. యాత్రికుడు ముందునాడు ఉపవసించి, మరునాడు గణపతి నర్చించి, ఘృతశ్రాద్ధము పెట్టి, యాత్రికవేషము దాల్చి, స్వగ్రామమునకు ప్రదక్షిణము చేసి, క్రోశమునకు మించని దూరమున నున్న వేఱొక యూరికి పోయి, శ్రాద్ధశేషముతో నచట పారణ చేయవలయునని నిబంధనకారుల మతము. వేయిమైళ్లు నడువవలసినవానికి తొలినాడు క్రోశమే యేల? ఆ రాత్రి మఱచిన వస్తువు జ్ఞప్తికి వచ్చినచో తెప్పించుకొనవచ్చును. మూట యెంత బరువో, చెప్పెచట కఱచునో తెలియును. మనసు మాఱినచో తెల్లవాఱకముందే యిల్లు చేరవచ్చును. శాస్త్రకారులు కారణము నిట్లు చెప్పలేదు. ఇది నా యూహ.

ఏనుగుల వీరాస్వామయ్యగారును 1830 మే 18వ తేది రాత్రి చెన్నపట్టణము విడిచి తొలుత చేరినది తండయారువీడులోని తన తోటనే. అయితే ఆయనతో ఇంచుమించు నూర్గురు పరివారము గలదు. బోయీలు పల్లకి మోసిరి. వంట, డేరా, కావలి యన్నియు నితరులు చూచిరి. 1831 సెప్టెంబరున తిరిగివచ్చిన ఆయన కాశీయాత్రచరిత్రను చదువు ఏకాకి, ఆ నూర్గురు చేసిన పనులలో ఏవి తన భుజములపై పడునో, ఏవి మానివేయవచ్చునో గుర్తించుచు చదివిన మిక్కిలి లాభము.

నేటికిని కాలినడకను ఏకాకులు చేయుచున్న మహాయాత్రలలో నర్మదాపరిక్రమ ముఖ్యము. అమరకంటకమున పుట్టి భరుకచ్ఛము దాటి సముద్రము చేరు నర్మద పొడవు 1312 కిలోమీటర్లు. నదిని కుడివైపున నుంచుకొని, ఎచ్చటను దాటక, ఒకగట్టున పోయి రెండవగట్టున రావలయును. సాగరసంగమమున మాత్రము పడవ యెక్కుదురు. అనగా రెండువేల ఆఱువందల కిలోమీటర్లకు పైమాట. చాతుర్మాస్యములలో నిలుచుచు మూడేండ్ల మూడునెలల పదుమూడు దినములలో ముగించుట ప్రాచీన సంప్రదాయము. అంత తీఱికలేనివారు చాతుర్మాస్యము ముగిసినపిదప కార్తికమున బయలుదేరి కొన్ని నెలలలోనే ముగింతురు.

ఇందు క్రొత్తవాడు మొదట తెలిసికొనవలసినది పాతత్రోవ యిపుడు లేదనుట. బర్గీ, ఇందిరాసాగర్, సర్దార్ సరోవర్ ఆనకట్టల జలాశయములలో తటమార్గములు, గ్రామములు, ఘట్టములు మునిగినవి. 2017లో సర్దార్ సరోవరపు ద్వారములు మూయబడినపిమ్మట పల్లపు భూములు మఱిన్ని నీటిపాలయ్యెను. పూర్వపు యాత్రాగ్రంథములు భక్తికి చాలును గాని మజిలీ లెక్కకు చాలవు. ఇటీవల నడచివచ్చినవాని నోటిమాట వాని కన్న మేలు.

చెప్పులు, గొడుగు అను విషయమున పండితులలో వివాద మున్నది. వాహనము యాత్రాఫలములో సగమును, చెప్పులు గొడుగు అందులో సగమును, వ్యాపారము మూడుపాళ్లను, ప్రతిగ్రహము సర్వమును హరించునని నిబంధనములలో నుదాహృతమైన యొక వచనము గలదు. దీనిని నమ్మి యెన్నడును చెప్పులు విడువనివాడు ఒక్కనాటితో పాదచారి యయ్యెనా, మూడవనాడు బొబ్బలతో ధర్మశాలలో పడియుండును. ఏకాకికి కట్టుకట్టువా డుండడు. చెప్పులు విడువదలచినవాడు ఆఱునెలలు ముందుగా ఇంటివద్ద విడిచి నడువవలయును. విడువనివాడు యాత్రకు క్రొత్తవి కొనక అరిగి కాలికి మలగినవానినే తొడుగవలయును. పావుఫలము పోయినను యాత్ర సాగుట మేలని నా మతము.

సాధన యన, ఒకనాడు ఇరువది కిలోమీటర్లు నడచి గర్వపడుట కాదు. మూటతో వరుసగా నాలుగునాళ్లు పదునైదేసి నడచి, అయిదవనాటి యుదయమున లేవగలుగుట. మూట దేహభారములో పదియవవంతు మించరాదు. అఱువది కిలోల మనిషికి ఆఱుకిలోలు. అందులో లీటరు నీరే కిలో. మనవంటివారి మూటలో అధికభాగము పుస్తకములే యగును! వచ్చినది మనసులో పారాయణము చేసికొనుటకు పండితునికేమి కొఱత?

ప్రతిగ్రహమును గూర్చిన మాట యింతకన్న కఠినము. నర్మదాతీరమున ఆశ్రమములును గృహస్థులును పరిక్రమవాసులకు భోజనమో, పిండి పప్పుల సదావ్రతమో యిచ్చుట వాడుక. పుచ్చుకొన్న ఫలమంతయు పోవునా? ఆనాటి యాకలికి సరిపడునది కొని మిగిలినది నిరాకరించుట దానముపట్టుట కాదని నే ననుకొందును. పెద్దలు విచారింతురు గాక. అన్నమున కలవాటుపడిన తెలుగువాడు మాత్రము పోవుటకు ముందే మూడురాళ్ల పొయ్యిపై గోధుమరొట్టె కాల్చుట నేర్వవలయును. నాలుగు హిందీ మాటలును వలయును.

శూలపాణి యడవిలో యాత్రికులను కట్టుబట్టలతో విడిచి దోచుట పూర్వము ప్రసిద్ధము. దానిని నర్మదామాత పెట్టిన పరీక్షగా యాత్రికులు భావించిరి. ఇప్పటి త్రోవ నాటిది కాకున్నను, పోయిన దుఃఖము కలిగించు వస్తువేదియు మూటలో నుండరాదను పాఠ మట్లే యున్నది.

అంతయు నొకమాఱే నడువవలయునను పంతమును తొలియాత్రకు కూడదు. జబ్బల్‌పూరు వాస్తవ్యులగు అమృత్‌లాల్ వేగడ్‌గారు 1977లో, ఏబదియేండ్ల ప్రాయము సమీపించుచుండగా, జబ్బల్‌పూరు నుండి మండ్లాకు నడచుటతో నారంభించి, పిదప ఏండ్లతరబడి ఖండఖండములుగా నర్మదాతీరమున నడచి గ్రంథములు వ్రాసిరి. శాస్త్రోక్తపరిక్రమ మిట్టిది కాదని యెవరైన నన్నను, కాళ్ల బలము నెఱుగుట కింతకన్న మంచి మార్గము లేదు.

ఇక నింటివారి విషయము. ఏకాకికి జ్వరము వచ్చినదని చెప్పువాడు ప్రక్క నుండడు. నేడు చేత ఫోనున్నను అడవులలో కొండలలో నది పలుకదు. కావున మజిలీల పట్టిక, పోదలచిన తేదులు, వార్త రాకున్నచో ఎన్నిదినములు వేచియుండవలయునో, పిదప ఏ యూరిలో నెవరి నడుగవలయునో యొక కాగితమున వ్రాసి, ఋణపత్రములతోపాటు ఇంటియందు కనబడుచోట నుంచి పోవలయును.