సమురాయ్ కవచానికి తోలు ఎవరిచ్చారు?

సమురాయ్ అనగానే సినిమాల్లో చూసిన మనిషే గుర్తొస్తాడు. నడుముకు రెండు కత్తులు, ప్రభువు కోసం ప్రాణమిచ్చే విధేయత, పరువు పోతే తన పొట్ట తానే చీల్చుకునే తెగువ. ఆ కథల్లో ప్రభువు ఉంటాడు, భటుడు ఉంటాడు. ఇద్దరికీ తిండి పెట్టిన రైతు, భటుడి కవచానికి తోలు ఊనిన మనిషి మాత్రం కనిపించరు.

ముందు తిండి లెక్క చూద్దాం. 1603 నుంచి 1868 దాకా జపాన్‌ను తోకుగావా వంశపు షోగన్లు ఏలారు. వాళ్ల కింద సుమారు 260 మంది దైమ్యోలు, అంటే సంస్థానాల ప్రభువులు ఉండేవారు. ప్రభువు స్థాయిని బియ్యంతో కొలిచేవారు. ఆ కొలత పేరు కొకు. ఒక కొకు అంటే దాదాపు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది గ్రాసం. 10,000 కొకుల దిగుబడి ఉన్న నేల చేతిలో ఉంటేనే దైమ్యో. ఒకయామా సంస్థానాన్ని ఏలిన ఇకెదా వంశానిది 3,15,000 కొకుల హోదా.

ఆ బియ్యమంతా రైతు దగ్గర శిస్తుగా గుంజినదే. అందులోంచే ప్రభువు తన సమురాయ్‌లకు ఏటా జీతం కొలిచేవాడు. ప్రభువు చేసిన మేలుకు సేవతో రుణం తీర్చుకోవాలన్నది వాళ్ల నీతి. ఆ నీతికి అడుగున ఉన్నది ధాన్యపు గాదె. 1701లో ఎదో కోటలో కత్తి దూసినందుకు అసానో అనే దైమ్యోకు మరణశిక్ష పడింది, సంస్థానం జప్తయింది. ఆయన భటులంతా ఒక్కసారిగా రోనిన్లు, అంటే దొర లేని, జీతం లేని సమురాయ్‌లు అయిపోయారు. పగ తీర్చుకున్న 47 మంది రోనిన్ల కథగా ప్రపంచమంతా చెప్పుకునేది వాళ్ల గురించే.

ఈ వ్యవస్థ నిలబడాలంటే ఎవరి చోట వాళ్లు ఉండాలి. 1588లో హిదెయోషి రైతుల దగ్గర ఆయుధాలు లాగేసుకున్నాడు. 1591లో సమురాయ్ రైతుగానో వ్యాపారిగానో మారకూడదని శాసనం చేశాడు. తోకుగావా పాలనలో పుట్టుకే పనిని నిర్ణయించింది. అందరికంటే అడుగున ఉంచినవాళ్లను ‘ఎతా’, ‘హినిన్’ అన్నారు. మొదటి మాటకు రాసే అక్షరాల అర్థం ‘మహా మురికి’. రెండోదానికి ‘మనిషి కానివాడు’ అని అర్థం. ఇవి ఇప్పుడు తిట్లు. ఎతా అని పిలవబడినవాళ్లు తమను తాము కవాతా అనుకునేవారు. అది తోలు పనిని చెప్పే మాట.

కవచానికి, జీనుకు తోలు కావాలి. అందుకే యుద్ధాల కాలంలో ప్రభువులు తోలు పనివాళ్లను తమ కోటల దగ్గరికి రప్పించుకున్నారు. యుద్ధాలు ఆగాక అదే పనిని వాళ్ల మెడకు కట్టారు. చచ్చిన ఎద్దును తీసుకెళ్లి ఒలవడం వాళ్ల వంతు. జైళ్ల కాపలా, మరణశిక్షల అమలు లాంటి పనులూ వాళ్ల మీదే పెట్టారు. ఆ తోలు తొడుక్కున్న సమురాయ్‌కి మైల అంటలేదు. దాన్ని ఊనిన చేతులకే అంటింది. ఈ లెక్క తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

వాళ్లు ఊరికే పడి ఉండలేదు. ఒకయామా సంస్థానం ఖజానా కష్టాల్లో పడి పొదుపు ఆంక్షలు ప్రకటించింది. అందులో కొన్ని కవాతాలకు మాత్రమే. కొత్త బట్టలు కుట్టించుకుంటే పచ్చి తునికి లాంటి కాకి పళ్ల రసంతోనో నీలితోనో అద్దిన, పువ్వూ గీతా లేని బట్టే వాడాలి. తెలిసిన రైతు ఎదురైతే కాళ్లకున్న చెక్క చెప్పులు విప్పి వంగి దండం పెట్టాలి.

కవాతాలు తోలు పని ఒక్కటే చేసేవాళ్లు కాదు. పొలం దున్ని, మిగతా రైతుల్లాగే శిస్తు కట్టేవాళ్లు. ఆ మాటే అర్జీలో రాశారు. అర్జీని తిప్పికొట్టారు. 1856 వేసవిలో వెయ్యి మందికి పైగా కవాతాలు కదిలారు. సంస్థానంలో పెద్ద సామంతుడైన ఇగి దగ్గరికి నడిచి వెళ్లి అర్జీ అందుకునేలా చేశారు. బట్టల ఆంక్ష అమలు కాకుండా ఆగిపోయింది. కానీ 12 మంది నాయకుల్ని జైల్లో వేశారు. ఆరుగురు లోపలే చనిపోయారు. ఈ పోరాటాన్ని షిబుజోమె తిరుగుబాటు అంటారు.

షోగన్ల పాలన కూలాక ఎవరికి ఏం దక్కిందో చూడండి. 1876లో ప్రభుత్వం సమురాయ్‌ల జీతాలు ఆపేసి, బదులుగా వడ్డీ వచ్చే బాండ్లు ఇచ్చింది. అంతకుముందే 1871లో ఎతా, హినిన్ పేర్లను చట్టం నుంచి తీసేసింది. వాళ్లకు బాండ్లు లేవు, భూమి లేదు. పైగా తోలు మీద తరాలుగా ఉన్న హక్కు కూడా పోయింది. 1873లో ఒకయామాకు ఉత్తరాన ఉన్న మిమసాకాలో రైతులు కొత్త ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఆ అల్లర్లలో వాళ్లు ఈ పల్లెల మీద పడి 18 మందిని చంపారు, ఇళ్లు తగలబెట్టారు. శిస్తు పిండిన దొర మీద కోపం, దొర తొక్కిపెట్టిన మనిషి మీద తీర్చుకున్నారు.

1922 మార్చి 3న క్యోతోలో బురాకు ప్రజలు, అంటే ఆ పల్లెల వారసులు, సుయిహేషా అనే సంఘం పెట్టుకున్నారు. అందరినీ ఒకే మట్టానికి తెచ్చే సంఘం అని దాని అర్థం. మాకు జాలి వద్దు, గౌరవం కావాలన్నది వాళ్ల నిలువు. అయినా 1975లో ఒక సంగతి బయటపడింది. బురాకు పల్లెల పేర్లతో అచ్చేసిన జాబితాలను కంపెనీలు రహస్యంగా కొంటున్నాయి, ఉద్యోగానికి వచ్చినవాడి ఊరు అందులో ఉందేమో చూసుకోవడానికి. బురాకు వివక్షను తుడిచేయాలని జపాన్ పార్లమెంటు 2016లో కూడా చట్టం చేయాల్సి వచ్చింది.

సమురాయ్ కత్తి ఇప్పుడు మ్యూజియంలో ఉంది. అతని కోసం గీసిన గీత మాత్రం ఇంకా పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర అడ్డం పడుతూనే ఉంది.